సన్నబడినందుకు ఇచ్చిన కప్పు

స్పోర్ట్స్ డే నాడు మా అమ్మాయి సహస్ర పరుగు మధ్యలో ఆగి, కడుపు పట్టుకుని క్లబ్‌హౌస్ బాత్‌రూమ్ వైపు వెళ్లిపోయింది. ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది ఆ రోజే. అయినా సాయంత్రం కప్పు దానికే వచ్చింది. కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్లలో ఏటా ఒక పిల్లకో పిల్లాడికో "ఫిట్‌నెస్ స్టార్" అని కప్పు ఇస్తారు. బొద్దుగా ఉండే పిల్ల బ్యాడ్మింటన్ ఆడి ఇంత సన్నబడిందని అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏం తినిపిస్తున్నవక్కా? మా హాసిని గూడ దానితోనే ఆడుతది, గిట్ల కాలేదు. నాకైతే కుళ్లొస్తుంది," అంది కింది ఫ్లోర్ లావణ్య నవ్వుతూ. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత కడుపునొప్పి రోజూ వచ్చింది. విరేచనాల్లో రక్తం కనబడింది. మా అత్తగారు "ఆ లావణ్య దిష్టేనమ్మా" అని ఎండుమిరపకాయలు తిప్పి స్టవ్ మీద కాల్చారు. ఇల్లంతా దగ్గులే తప్ప నొప్పి తగ్గలేదు.

పిల్లల డాక్టరు గారు స్కూల్ హెల్త్ కార్డు చూసి, "బరువు తగ్గింది సరే, ఎత్తు ఎందుకు ఆగిపోయింది?" అన్నారు. ఆవిడే పిల్లల గ్యాస్ట్రో స్పెషలిస్టు దగ్గరికి పంపారు. బ్లడ్ టెస్టులు, పేగుల్లో వాపు తెలిపే స్టూల్ కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, కొలనోస్కోపీ, బయాప్సీ అయ్యాక "క్రోన్స్ డిసీజ్" అని చెప్పారు. పేగుల్లో వాపు, ఏళ్ల తరబడి ఉండే జబ్బు.

"రోజూ ఆడే పిల్లండీ. ఫిట్‌గా ఉంటే ఇలాంటివి రావంటారు కదండీ?" అన్నాను.

"ఫిట్‌గా ఉన్న పిల్లలకి రిస్క్ కొంత తక్కువ ఉండొచ్చమ్మా. తక్కువంటే అసలు రాదని కాదు. మీరేదో చేయడం వల్ల వచ్చిందీ కాదు. ఓపిక వచ్చాక మళ్లీ ఆడించండి," అన్నారు స్పెషలిస్టు.

మరి హాసినికి ఎందుకు రాలేదు? అదే బ్యాడ్మింటన్ అకాడమీ, అదే కోచ్. ఆ ప్రశ్న అడగకుండా రిపోర్టులు సర్దుకున్నాను.

మొదటి వైద్యంగా కొన్ని వారాలు సహస్రకు అన్నం లేదు, పాలపొడిలా కలిపిచ్చే ఫార్ములా ఒక్కటే. కింద లావణ్య బిర్యానీ వండితే మేం బాల్కనీ తలుపు మూసుకునేవాళ్లం. కొంచెం కోలుకుందనుకుంటే జబ్బు తిరగబెట్టింది, ఫ్లేర్ అన్నారు. స్టెరాయిడ్స్‌తో మొహం ఉబ్బింది, అద్దం చూడనని ఏడ్చేది. చివరికి వాపును అణిచే బయలాజిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే హాసిని టోర్నమెంట్ గెలిచింది. లావణ్య తెచ్చిన స్వీట్ డబ్బా తెరవకుండానే పనమ్మాయికి ఇచ్చేశాను. లావణ్య మంచి మనిషి. మా కోసం ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆసుపత్రిలో కూర్చుంది. అయినా హాసిని మెట్లెక్కి పరిగెడుతుంటే నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడు సహస్ర రెమిషన్‌లో ఉంది, అంటే జబ్బు అణిగి ఉంది. ఇంజెక్షన్లు సాగుతున్నాయి. కోర్టులో కాసేపు ఆడి, అలసిపోతే కూర్చుంటుంది. మొన్న లిఫ్టులో ఒకావిడ "మళ్లీ లావెక్కిందేంటండీ?" అంటే ఆవిడకు దండం పెట్టాలనిపించింది.

తోటి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. ఎదిగే పిల్లలు కారణం తెలియకుండా సన్నబడితే చప్పట్లు కొట్టకండి. గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. ఎత్తు ఆగినా, కడుపునొప్పి, రక్తం ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఈ ఏడాది కప్పు హాసినికి వచ్చింది. "సన్నగైంది చూసినవా అక్కా?" అంది లావణ్య మురిసిపోతూ.

"ఎత్తు కొలిచావా లావణ్యా?"

నా మొహం చూసి గబగబా కిందికి పోయింది. కాసేపటికి ఫోన్ చేసింది. "పోయిన ఏటికన్న నాలుగు వేళ్ల ఎత్తు పెరిగిందక్కా. నొప్పి గిట్ల ఏం లేదంట. ఇగ ఫికర్ లేదు కదా?"

"లేదమ్మా," అన్నాను. గుండెల మీంచి బరువు దిగింది. ఫోన్ పెట్టేశాక, నాలుగు వేళ్లా అని మళ్లీ కుళ్లుకున్నాను.