జ్వరం రాని వారం

థర్మామీటర్‌లో జ్వరం లేదు. నమ్మలేక మా బాబు నుదుటిని మళ్లీ ముట్టుకున్నాను. చల్లగా తగిలింది. ఆ చల్లదనానికి చిన్నప్పుడు మన్సూరాబాద్‌లో మేమున్న కిరాయి ఇల్లు గుర్తొచ్చింది.

శుక్రవారం సాయంత్రాలు ఆ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. దేవుడు చేసిన మేలు గురించి ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పేవారు. ఒకరికి టైఫాయిడ్ తగ్గేది, ఇంకొకరు బస్సు కింద పడబోయి బతికేవారు. నాకూ చెప్పాలని మహా ఆశ. అయితే ముందు జబ్బు పడాలి కదా అనుకున్నాను. ఒక శుక్రవారం బకెట్ల కొద్దీ చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటుంటే నాయనమ్మ పట్టుకుంది.

"ఏం పనే గిది?"

"జ్వరమొస్తే సాక్ష్యం చెప్తా నాయనమ్మా."

"పిచ్చిపోరీ! జ్వరం రాకుంటే చెప్పొద్దని ఎవలన్నరే?"

ఆ సాయంత్రం తడి జుట్టుతోనే లేచాను. "ఈ వారం నాకు జ్వరం రాలే. అన్నం మంచిగ తిన్న. దేవునికి స్తోత్రం!"

అందరూ నవ్వారు. ఆ వెంటనే గది అదిరేలా "హల్లెలూయా!" అన్నారు. నాయనమ్మ గొంతే అన్నిటికంటే పైన వినిపించింది.

నేను సాక్ష్యం చెప్పి ఏళ్లయింది. థర్మామీటర్‌ను డబ్బాలో పెట్టేసి లేచి నిలబడ్డాను.

"మా బాబుకి ఇయ్యాల జ్వరం రాలే. స్తోత్రం!"

ఏమర్థమైందో ఏమో, వాడు చప్పట్లు కొట్టాడు.