స్పాంజక్క బండెక్కిన వైనం

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. మోటారు సైకిళ్లు తయారు చేసే ఆ ఫ్యాక్టరీలో, చీఫ్ ఇంజినీరు మొదలుకొని గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె స్పాంజక్కే.

కొత్త బండిని వేలకొద్దీ తయారు చేసే ముందు, ఒకటీ రెండూ చేత్తో కట్టి చూసే షెడ్డు ఒకటుంది అక్కడ. ఆ షెడ్డులో రెండు కిటికీల మధ్య ఆమె బల్ల. బల్ల మీద పొడవాటి కత్తి, గిర్రున తిరుగుతూ అరగదీసే మిషను, జిగురు డబ్బా, పిన్నులు కొట్టే గన్ను, రెండు కత్తెరలు. స్పాంజి దిమ్మను కోసి, అరగదీసి, సీటు ఆకారానికి తెచ్చి, పైన రెక్సిన్ తొడగడం ఆమె పని. సాయంత్రమయ్యేసరికి జుట్టూ కనుబొమలూ నుసితో నిండిపోయి, ఆమే ఒక స్పాంజి బొమ్మలా తయారయ్యేది.

అంతకుముందు పన్నెండేళ్లు సినిమా హాళ్ల కుర్చీలకూ బస్సు సీట్లకూ స్పాంజి కోసింది. డిపోలో బస్సు సీట్లు బిగించడానికి వెళ్లినప్పుడే ఆమెకు మొగుడు దొరికాడు. "నా సీటు గట్టిగా ఉందండీ, కాస్త చూడండి" అంటూ ఒక డ్రైవరు మూడుసార్లు తిరిగొచ్చాడు. మూడోసారి సీటులో ఏ లోపమూ లేదని ఇద్దరికీ తెలుసు.

పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. వెలితి ఒక్కటే. బండి నడపడం రాదు. ఈ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా అరవై పైచిలుకు సీట్లు చేసింది గానీ, ఒక్కదాని మీదైనా కూర్చుని హ్యాండిల్ పట్టిన పాపాన పోలేదు. చేసిన సీటును టెస్ట్ రైడర్ల చేతికిచ్చేది. వాళ్లు ఇక్కడ గట్టిగా ఉందంటే ఇక్కడ, అక్కడ ఒత్తుతోందంటే అక్కడ సరిచేసేది. మనిషి ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. రైడర్లేమో అందరూ తాటిచెట్లంత మనుషులు.

అలా ఉండగా షెడ్డులోకి కొత్త బండి బొమ్మ ఒకటి వచ్చింది. నాలుగు వందల సీసీ, రెండు సిలిండర్లు. మరీ చిన్నదీ కాదు, మరీ దున్నపోతంతదీ కాదు. ముందు గాలిని కాచే ప్లాస్టిక్ తొడుగులేవీ లేవు. ఇంజనూ, గొట్టాలతో అల్లిన ఫ్రేమూ, రేడియేటరూ అన్నీ బయటికే కనిపిస్తాయి. ఇలాంటివాటిని నేకెడ్ బైకులంటారు. ఆ ముక్క ఇంట్లో చెబితే ఆమె భర్త నమలడం ఆపేశాడు.

"ఏం బైకు?"

"నేకెడ్."

"మెల్లగా అను. పక్కింటివాళ్లు వింటారు."

"పైన తొడుగులుండవు. అందుకని ఆ పేరు."

"అన్నీ ఊడదీసినోళ్లు సీటు మాత్రం ఎందుకు వదిలేశారట?"

"నా పొట్ట కొట్టకూడదని" అంది స్పాంజక్క.

ఆ బండి గీసింది ముప్పయి నిండని డిజైనరమ్మాయి. తొడుగులున్న బండిలో వికారంగా ఉన్నదాన్ని దేన్నైనా వెనక దాచేయొచ్చు. దీంట్లో దాపరికానికి చోటే లేదు. అందుకే ప్రతి బోల్టు తలా, ప్రతి వెల్డింగు అతుకూ చూడముచ్చటగా ఉండాలని ఆ అమ్మాయి పట్టుబట్టి, అందరి ప్రాణాలూ తోడేసింది. ట్యాంకు మీద ఎత్తుగా మొదలైన గీత సీటు దగ్గర లోయలా దిగి, తోక దగ్గర మళ్లీ పైకి లేచేది. పక్కనుంచి చూస్తే దూకబోయే పిల్లిలా ఉండేది బండి.

"సీటు ట్యాంకు వైపు వాలి ఉండాలక్కా. మనిషి బండి మీద ఎక్కినట్టు కాదు, బండిలో ఒదిగినట్టుండాలి" అంది ఆ అమ్మాయి.

స్పాంజక్క పదకొండు రోజుల్లో సరిగ్గా అలాగే చేసిచ్చింది. అందరికంటే పెద్ద టెస్ట్ రైడరు, ఆరడుగుల రెండంగుళాల మనిషి, రోజంతా తిరిగొచ్చి "అక్కా, సీటు సూపర్" అన్నాడు. ఇంక చెప్పేదేముంది! ఆమె పని అయిపోయిందనే అనుకుంది.

తర్వాత బయటి మనుషులతో పరీక్ష పెట్టారు. ఇరవై రెండు మందిని పిలిచి, ఫ్యాక్టరీ వెనకున్న ట్రాకు మీద తలా నాలుగు చుట్లు నడపమని, నచ్చిందీ నచ్చనిదీ కాగితం మీద రాయమన్నారు. ఇంజనును అందరూ ఆకాశానికెత్తేశారు. నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక అది లాగే తీరుకు ఒకాయన కాగితం నిండా ఆశ్చర్యార్థకాలే పెట్టాడు. కానీ ఏడుగురు బ్రేకుల గురించి చెడ్డగా రాశారు. "బ్రేకు వేస్తే భయమేసింది." "బ్రేకు మరీ మొరటు."

దాంతో బ్రేకుల ఇంజినీరుకు నిద్రాహారాలు కరువయ్యాయి. ఐదు వారాలు ప్యాడ్లు మార్చాడు, లివర్లు మార్చాడు, పట్టు తగ్గించాడు. పట్టు తగ్గించేసరికి బండి ఆగాల్సిన చోటుకు రెండు మీటర్లు ముందుకెళ్లి ఆగడం మొదలుపెట్టింది. "ఆగని బండి అమ్మమంటావా నన్ను?" అని చీఫ్ ఇంజినీరు అందరి ముందూ కసిరాడు. బ్రేకుల ఇంజినీరు తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ కసురు స్పాంజక్క చెవిన పడింది. ఎందుకో ఆమెకు ఆ ఏడుగురిలో ఒకావిడ గుర్తుకొచ్చింది. బడిలో టీచరు, పొట్టి మనిషి. నాలుగు చుట్లూ తిరిగి దిగుతూ, తొడలు రుద్దుకుంటూ, పక్కనే ఉన్న స్పాంజక్కతో నవ్వుతూ అంది, "ఆగినప్పుడల్లా ట్యాంకొచ్చి నా ఒళ్లో కూర్చుంటోందండీ" అని. అప్పుడు ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట నవ్వులాటగా అనిపించలేదు. ట్యాంకు ఎక్కడికీ రాదు కదా! మనిషే ట్యాంకు మీదికి పోతోందేమో?

ఆరడుగుల రైడరును అడిగింది. "బ్రేకేస్తే ముందుకు జారుతున్నావా తమ్ముడూ?"

"లేదే. గట్టిగానే కూర్చుంటున్నా."

చీఫ్ ఇంజినీరు గదికి వెళ్లింది. "సార్, తప్పు బ్రేకుల్లో లేదేమో. సీటు జారుతోందని నాకనుమానం."

"రైడర్లు ఐదుగురూ బాగుందన్నారు కదమ్మా. నీకెలా తెలుసు?"

ఆయన వెటకారంగా అనలేదు, మామూలుగానే అడిగాడు. ఆ ప్రశ్న ఇంటి దాకా వెంటబడి వచ్చింది.

"నాకు బండి నేర్పండి" అంది ఆ సాయంత్రం భర్తతో.

"నలభై ఆరేళ్లకు నీకిదేం బుద్ధి?"

"నలభై ఏడొచ్చేలోపు నేర్పండి మరి."

ఆదివారం పొద్దున్నే డిపో వెనక ఖాళీ స్థలంలో చదువు మొదలైంది. ఆయన పాత వంద సీసీ బండే పలక. ఇరవై ఏళ్లుగా ప్రయాణికులు ఎన్ని మాటలన్నా చలించని ఆ డ్రైవరు, పెళ్లానికి క్లచ్చి నేర్పడంలో పది నిమిషాలకే ఓపిక పోగొట్టుకున్నాడు. "మెల్లగా వదులు... మెల్లగా... మెల్లగా అన్నానా!" బండి కప్పలా ఎగిరి ఆగిపోయింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ ఆగింది. డ్యూటీ ఎక్కబోయే డ్రైవర్లు నలుగురు టీ గ్లాసులతో చేరి తలా ఒక సలహా పారేశారు. ఐదుగురి మాటా ఒకేసారి వినబోయి ఆమె తిన్నగా పాత టైర్ల గుట్టలోకి వెళ్లి పడింది. మోచెయ్యి దోక్కుపోయింది. నలుగురూ గప్‌చుప్‌గా బస్సులెక్కేశారు.

రెండో ఆదివారం బండి కదిలింది గానీ, ఎటు తిప్పినా ఆయన మీదికే వెళ్లేది. ఆయన పరుగెత్తి బస్సు మెట్టెక్కి నిలబడి అరిచాడు. "నన్ను చూడకు తల్లీ! నువ్వెటు చూస్తే బండి అటే వెళ్తుంది. గోడ చివర ఆ పంపును చూడు!"

ఆమె పంపును చూసింది. బండి బుద్ధిగా పంపు దగ్గరికి వెళ్లింది. ఆ ఒక్క మాటతో సగం చదువు అయిపోయింది.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పుతూ మొదటిసారి కాలు కింద పెట్టి తప్పింది. రెండోసారి పెట్టలేదు. పదో వారం, సోమవారం పొద్దున, లైసెన్సు తీసుకెళ్లి చీఫ్ ఇంజినీరు బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకెలా తెలుసని అడిగారు కదా సార్. ఇంకా తెలీదు. బండిస్తే తెలుసుకుంటాను."

ఆయన ట్రాకు దాటకూడదనీ, యాభై మించకూడదనీ, పెద్ద రైడరు ఇంకో బండి మీద పక్కనే ఉండాలనీ షరతులు పెట్టి ఒప్పుకున్నాడు.

ఆమెకు సరిపడే హెల్మెట్ దొరకడానికే అరగంట పట్టింది. ఎక్కి కూర్చుంటే పాదాలు పూర్తిగా ఆనలేదు, మునివేళ్లే తగిలాయి. నూట డెబ్బై కిలోల బండి కాళ్ల మధ్య సన్నగా గుర్రుమంటుంటే ఆమె హ్యాండిల్‌ను రెండు చేతులా బిగించి పట్టుకుంది. రెండో గేరులో యాక్సిలరేటరు కాస్త తిప్పిందో లేదో, బండి ఆమెను చెయ్యి పట్టి లాక్కెళ్లినట్టు ముందుకు దూకింది. ఇంట్లో ఉన్న వంద సీసీ బండికి బతిమాలితే గానీ వేగం వచ్చేది కాదు. దీనికి ఊ అంటే చాలు. ఎదురుగా అడ్డేమీ లేదు కాబట్టి గాలి వచ్చి నేరుగా గుండెలకు తగిలింది. ఇంజను వేడి మోకాళ్లకు సోకుతోంది. "అమ్మ బాబోయ్" అనుకుంటూనే నవ్వేసింది. హెల్మెట్ లోపల ఎవరూ చూడరు కదా!

వంపు ముందు బ్రేకు నొక్కింది. బండి కుదురుగా ఆగింది. ఆమె ఆగలేదు. సర్రున జారి వెళ్లి ట్యాంకుకు గుద్దుకుంది.

దిగి, జేబులోంచి సుద్దముక్క తీసి, సీటు మీద తను కూర్చునే చోట గీత గీసింది. మళ్లీ ఎక్కి, మళ్లీ బ్రేకు వేసి, ఆగిన చోట ఇంకో గీత. నాలుగు వేళ్ల దూరం. ఏడుసార్లు చేసినా అంతే. తర్వాత అదే బండి మీద ఆరడుగుల రైడరుతో చేయించింది. అర వేలు కూడా జరగలేదు. కారణం అతని మోకాళ్లలో ఉంది. అతని పొడవాటి కాళ్లు ట్యాంకు పక్కనున్న గుంటల్లో సరిగ్గా ఇరుక్కుని మనిషిని పట్టి ఉంచుతున్నాయి. ఆమె మోకాళ్లు ఆ గుంటల దాకా రానే రావు.

సుద్ద గీతల ముందు చీఫ్ ఇంజినీరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బ్రేకుల ఇంజినీరూ డిజైనరమ్మాయీ కూడా వచ్చారు.

"బ్రేకులు ఏ పాపం ఎరగవు సార్" అంది స్పాంజక్క. "నేను చేసింది సీటు కాదు, జారుడుబల్ల."

బ్రేకుల ఇంజినీరు ఆమెను కావలించుకున్నంత పని చేశాడు.

తప్పు తెలిసిందే గానీ, దిద్దడం అంత తేలిక కాలేదు. ముందు వైపు స్పాంజి నింపి వాలు తగ్గిస్తే సీటు ఎత్తు పెరిగి పొట్టివాళ్లకు కాళ్లందవు. నింపకపోతే జారుతుంది. మూడు సీట్లు చేసి మూడూ పక్కన పారేసింది. నాలుగోదానికి ముందు భాగం పదిహేను మిల్లీమీటర్లు లేపి, ఆ మేరకు రెండు పక్కలా చెక్కేసింది. తొడలు వెడల్పుగా చాచుకోకుండా కాళ్లు నిటారుగా కిందికి దిగాయి. సీటు పెరిగినా పాదం నేలకు ఇంకాస్త దగ్గరైంది. ముందు గట్టి స్పాంజి, వెనక మెత్తనిది, పైన కాస్త గరుకు రెక్సిన్.

డిజైనరమ్మాయి ముఖం మాడ్చుకుంది. "నా గీత పోయిందక్కా."

"పావు వంతే పోయిందమ్మాయ్. మిగతాది కళ్లకద్దుకుని ఉంచాను."

ఆ అమ్మాయి రెండు రోజులు బండి పక్కన స్టూలేసుకుని చూస్తూ కూర్చుంది. మూడో రోజు తోక ముక్కను కాస్త దించి గీసి తెచ్చింది. అయినా మొదటిదే అందంగా ఉందని ఇప్పటికీ అంటుంది. ఆ మాటా నిజమే.

బ్రేకులకు పాత పట్టు తిరిగొచ్చింది. ఆ ఏడుగురిలో రాగలిగిన ఐదుగురినీ మళ్లీ పిలిపించి నడిపించారు. టీచరు ఈసారి ఆరు చుట్లు తిరిగింది, ఆపమంటే ఆగలేదు. ఐదుగురూ బ్రేకులు బాగున్నాయనే రాశారు. సీటు గురించి ఒక్కరంటే ఒక్కరు ఒక్క ముక్క రాయలేదు. స్పాంజక్క కాగితాలన్నీ రెండుసార్లు తిరగేసి, "చూశారా, ఎంత కృతఘ్నులో!" అని బ్రేకుల ఇంజినీరుతో అంటూ పగలబడి నవ్వింది.

ఆ తర్వాత చీఫ్ ఇంజినీరు కొత్త నియమం పెట్టాడు. ఏ బండైనా సరే, స్పాంజక్క నడపకుండా షెడ్డు దాటకూడదు. టెస్ట్ రైడర్ల జాబితాలో ఆరో పేరుగా ఆమె పేరెక్కింది. ఆమె కొలతకు రైడింగు జాకెట్టు ఎక్కడా దొరక్కపోతే తనే కుట్టుకుంది.

మొన్న ఆరుగురూ ఆరు బండ్లు తీసుకుని కొండ దారిన బయల్దేరారు. ఆమెది వరసలో నాలుగో బండి. మలుపు మలుపుకూ చూపు ముందుకు పెడుతూ, ఎక్కడా కాలు కింద పెట్టకుండా పైదాకా ఎక్కేసింది. పైన బండి ఆపి భర్తకు ఫోను చేసింది.

"నూట పదహారు కిలోమీటర్లు నడిపాను, తెలుసా!"

"నేను రోజూ రెండొందలు నడుపుతాను" అన్నాడు బస్సు డ్రైవరు. మళ్లీ తనే, "నడుం ఎలా ఉంది?" అని అడిగాడు.

"నడుం బాగానే ఉంది. కుడి తుంటి కింద కాస్త ఒత్తుతోంది. రేపెళ్లగానే అరగదీయాలి" అంటూ ఆమె హెల్మెట్ తగిలించుకుంది. ముందు బండ్లు అప్పటికే కదిలాయి.