అక్క గుండెలో అతుకు

పదో తరగతితో నా చదువు ఆగింది. మిగతాదంతా హనుమకొండ లైబ్రరీలో చదువుకున్నదే. మధ్యాహ్నం నేను పనిచేసే బట్టల దుకాణం మూసిన రెండు గంటలూ అక్కడే ఉండేవాణ్ని. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదివేవాణ్ని. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా మాట్లాడేవాణ్ని కూడా.

ఎనభైల మొదట్లో మా అక్కకు జ్వరం పట్టుకుంది. గోలీలు వేస్తే తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. మూడు వారాల్లో మనిషి సగమైంది. మా వీధి డాక్టరు టైఫాయిడ్ అన్నారు. అంతకు ఏడేళ్ల ముందు అక్క గుండెలో రంధ్రం ఉందని మద్రాసులో ఆపరేషన్ చేసి, గుడ్డలాంటి అతుకు వేసి మూశారు. అది ఎప్పుడో మానిపోయింది కదా అని ఎవరమూ ఆయనకు చెప్పలేదు.

లైబ్రరీలో ఒక వైద్య పుస్తకం తిరగేస్తూ ఒక పేరా దగ్గర ఆగిపోయాను. పన్ను పీకినప్పుడు నోట్లోని క్రిములు రక్తంలో కలిసి, గుండెలో వేసిన అతుకును పట్టుకోవచ్చునట, ఏళ్లు గడిచినా సరే. జ్వరానికి నెల ముందే అక్క దవడ పన్ను పీకించుకుంది. తీసుకెళ్లింది నేనే.

ఆ సాయంత్రమే రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నేను చెప్పిందంతా విని, మద్రాసు వాళ్లిచ్చిన కాగితం ఉందా అని డాక్టరు అడిగారు. అమ్మ ఇంటికి పోయి తెచ్చింది. అది మా దేవుని గూట్లో ఉండేది. బిడ్డ ప్రాణం నిలిపిన కాగితమని ప్రతి దసరాకూ దానికి పసుపు కుంకుమ పెట్టేది. నేనూ దండం పెట్టాను తప్ప ఒక్కనాడూ విప్పలేదు.

డాక్టరు పసుపు దులిపి చదివారు. "అతుకు పక్కన సన్న సందు మిగిలిందని రాసిండ్రమ్మా. పన్ను పీకేముందు డాక్టరుకు చెప్పాలె, మందు వేసుకోవాలె అని గూడ రాసిండ్రు. మీ ఇంట్ల ఇంగ్లీషు చదివేటోళ్లు లేరా?"

"ఉన్నడు సార్, మావోడే," అంది అమ్మ నన్ను చూపిస్తూ. ఆమె గొంతులో అప్పటికీ గర్వమే ఉంది.

రక్తం పరీక్షకు పంపి సూదులు మొదలుపెట్టారు. అవి ఆరు వారాలు సాగాయి. మొదటి వారం డాక్టర్లు మాకు ఏ మాటా ఇవ్వలేదు. రెండో వారంలో జ్వరం దిగింది. లేచి కూర్చోగలిగిన రోజు అక్క నన్ను పిలిచింది.

"లైబ్రరీల పుస్తకాలన్నీ ఒడిసినయేమో గద తమ్మీ. ఇగ నా కాయితం సదువు."

మంచం పక్కన కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. సందు సంగతి వినగానే అక్క ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. పన్ను మాట దగ్గర అమ్మ నన్ను ఆపి, మళ్లీ చెప్పమంది. చెప్పాను. తరువాత అమ్మే నెమ్మదిగా, తప్పు పోకుండా, ఆ మాటలు నాకు అప్పజెప్పింది.