జొన్నచేలో నీళ్ళు పెట్టిన ఏడు

మా చిన్నప్పుడు, ఇంకా తెల్లదొరల పాలన నడుస్తుండగా, ఓ కార్తీకమాసంలో నాలుగు రోజులు ఆగకుండా వాన కురిసింది... నాదెండ్ల దగ్గర మా ఊరి చెరువు కట్ట అంచుదాకా నిండింది.

ఊరంతా సంబరపడింది. మా అమ్మ మాత్రం చెరువులోని తుమ్మచెట్ల వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ చెట్లనిండా పసుపుముక్కు పెద్దకొంగల గూళ్ళు... గూళ్ళనిండా పిల్లలు. ఆ కొంగలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చేపలు పడతాయి. ఇప్పుడు చెరువులో ఎటు చూసినా నిలువు లోతే!

మూడోనాటికి ఆకలికి తాళలేక పిల్లలు నీళ్ళలోకి రాలిపడడం మొదలైంది... అరుపులు మా ఇంట్లోకి వినపడేవి. అమ్మ కంచం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయేది. ఆ ఏడే, వానలకు ముందు, అమ్మకు పాలు పడక, నెలల పిల్ల మా చెల్లి పోయింది. ఇక మిగిలింది నేనొక్కదాన్నే.

నాన్న చెరువు తూము కాసేవాడు. కొంచెం నీళ్ళు వదలనివ్వమని ఊరి పెద్దలను బతిమాలాడు.

"ఎండాకాలం గొడ్లకేందిరా? అంతగా కావాలంటే నీ చేలో పెట్టుకో. మా చేలమీదకి చుక్క రాకూడదు" అన్నారు.

తూము కింద మాకున్నది ఒక్క ఎకరం... మోకాలెత్తు జొన్న. మా ఏడాది తిండి. అందులోకే నీళ్ళు వదలమంది అమ్మ.

"ఏమే, మరి మన పిల్లకేం పెడతావు?" అన్నాడు నాన్న.

"పురిటికొచ్చినోళ్ళయ్యా అయ్యి. చస్తా ఉంటే ఎట్టా చూస్తా కూచునేది? మన పిల్లకి ఆకలైతే అడుగుద్ది. వాటికెవురు పెడతారు?"

పక్కింటి మస్తాన్ బాబాయి పార తెచ్చాడు. ముగ్గురూ చేను చుట్టూ మట్టికట్ట వేసి తూము తీశారు. నీళ్ళతోపాటు చేపపిల్లలూ కొట్టుకొచ్చాయి. మోకాలి లోతు రాగానే నాన్న తూము మూసేశాడు.

ఆ రోజు ఒక్క కొంగా రాలేదు... అమ్మ గట్టుమీదే కూలబడింది.

"అన్నా, పైరు అడ్డం. దిగడానికి జాగా ఏది? కోసెయ్" అన్నాడు బాబాయి.

నాన్న నీళ్ళలో వంగి ఆ పచ్చిజొన్నంతా కోశాడు. కళ్ళు తుడుచుకోలేదు...

మర్నాడు ఒకటి దిగింది. తర్వాత నాలుగు... సాయంత్రానికి చేను తెల్లబడింది. రోజూ కాస్త తూము ఎత్తి, లోతు మించకుండా చూసుకునేవాడు నాన్న. అప్పటికే సగానికి పైగా పిల్లలు చచ్చిపోయాయి. మిగిలినవి మాఘమాసంలో ఎగిరాయి. ఆ వేసవంతా మేము పలచటి అంబలి తాగి బతికాం.

ఇప్పుడు ఆ చెరువును చేపల గుత్తవాళ్ళు తుమ్మలు కొట్టించి, లోతుగా తవ్వించారు. కొంగలు పైన ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోతున్నాయి... మీ ఊళ్ళో ఎక్కడైనా దిగుతున్నాయా? రాయండి, మనవరాలి చేత చదివించుకుంటాను.