ఏ సాకెట్‌ని అడగాలో చెప్పిన మాస్టారు

మా సి లాంగ్వేజి మాస్టారు పోయారని మొన్న ఆదివారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారట. "ఏమీ బాధపడలేదండి. పడుకోబోయే ముందు పెసరట్టు అడిగి వేయించుకుని మరీ తిన్నారు" అంది. ఏడుపుతో పాటు చిన్న నవ్వూ వచ్చింది నాకు. తిండి దగ్గర ఆయన ఎప్పుడూ మొహమాటపడలేదు.

అమలాపురంలో మా కాలేజీ ల్యాబ్‌లో ఆయన అందరినీ "అండీ" అనే పిలిచేవారు, కొత్తగా చేరిన పిల్లల్ని కూడా. ప్రోగ్రామ్ నడవకపోతే కీబోర్డు మా చేతుల్లోంచి లాక్కునేవారు కాదు. కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుని, "ఏం అడిగేరు, ఏం చెప్పింది?" అనేవారు.

చివరి ఏడాది నా ప్రాజెక్టు, రెండు కంప్యూటర్ల మధ్య కబుర్లు పంపే ప్రోగ్రామ్. నా సిస్టమ్‌కి కేబులూ ఉంది, వైఫై కూడా ఉంది. రెండింటికీ వేర్వేరు అడ్రసులు. అవతలివాళ్లు అందులో దేనికి వచ్చారో తెర మీద చూపించాలి. అందుకు గెట్‌సాక్‌నేమ్ అనే ఫంక్షన్ ఉంది; కనెక్షన్‌కి మన వైపు కొసలాంటి సాకెట్‌ని అందిస్తే, దాని అడ్రసు చెబుతుంది. నేను ఎన్నిసార్లు పిలిచినా అది అడ్రసు బదులు నాలుగు సున్నాలే ఇస్తోంది. మర్నాడే బయటినుంచి ఎగ్జామినర్ వస్తారు. మార్కులు తగ్గితే ఖాయమైన ఉద్యోగం చేజారిపోతుంది. "ప్రాజెక్టు మార్చేసుకుంటానండి" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

మాస్టారు తెర వైపు చూశారు. "ఏ సాకెట్‌ని అడిగేరు?"

"ఎవరొస్తారా అని వింటూ కూర్చున్న సాకెట్‌నండి."

"ఏ అడ్రసుకి వచ్చినా సరే వినమని దాన్ని మీరే కూర్చోబెట్టేరు కదా. ఇంకా ఎవరూ రాలేదు. ఏ దారిన వస్తారో దానికేం తెలుస్తుందండి, పాపం? ఎవరైనా వచ్చి కలిస్తే ఇంకో సాకెట్ పుడుతుంది. దాన్ని అడగండి."

ఆ లైనును, వచ్చినవాళ్లని కలుపుకునే యాక్సెప్ట్ లైను కిందికి జరిపి, కొత్త సాకెట్‌ని అందించాను. ఆయన అవతలి సిస్టమ్ దగ్గరికి వెళ్లి కనెక్ట్ చేశారు. కేబుల్ అడ్రసు పడింది. వైఫై అడ్రసుకి చేశారు. ఈసారి వైఫైదే పడింది.

"ఆయ్, చెప్పేసిందండి" అన్నారు, తన ప్రోగ్రామే నడిచినంత సంబరంగా.

ఉద్యోగం దక్కింది. ఆయన కోడు రాసిచ్చేసినా దక్కేదేమో. పని మాత్రం వచ్చేది కాదు.

పోయిన వేసవిలో సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించే పంటు మీద కనిపించారు. "ఎక్కడికండీ మాస్టారూ?" అని అడిగాను.

"ఎక్కడికీ లేదండి. గాలికి వచ్చేను. నరసాపురంలో టీ తాగి ఇదే పంటు మీద తిరిగి వచ్చేస్తాను."

పంటు కదిలింది. తెల్ల చొక్కా గాలికి ఉబ్బుతుంటే ఒక చేత్తో రైలింగు పట్టుకుని, ఎవరి పాపకో నీళ్ల మీద ఎగురుతున్న కొంగని చూపిస్తున్నారు.