ఇంజను బ్యాటరీ, బంగారం ముక్క

ముందే చెప్తున్నాను, నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ సరిగా తెలియదు. మా మనవడు "నాకు చెప్పినట్టే రాయి నానమ్మా" అని పెన్ను చేతిలో పెట్టి పోయాడు. ఎప్పుడూ రాయలేదు కాబట్టి భయంగా ఉంది. అక్షరాలు వంకర పోతే నవ్వకండి.

నా చిన్నప్పుడు మా నాయినకు ఒక పాత వ్యాను ఉండేది. మరిపెడ దిక్కు నుంచి మిర్చి బస్తాలు వరంగల్ మార్కెట్‌కు తోలేవాడు. రెండేళ్లకు ఒకసారి మేడారం జాతర వస్తే మాత్రం ఆ వ్యానే మాకు ఇల్లు. అమ్మ బకెట్ల కొద్దీ నీళ్లు కొట్టి కడిగేది, అయినా లోపల కూర్చుంటే తుమ్ములు ఆగేవి కావు. కింద వరిగడ్డి, దాని మీద బొంత, వెనక తలుపుకు చీర అడ్డం, బయట మూడు రాళ్ల పొయ్యి. వాగు ఒడ్డున ఇసుకలో ఆపుకొని, జాతర అయ్యేదాకా అందులోనే తినేవాళ్లం, అందులోనే పడుకునేవాళ్లం.

మా చిన్నాయినకు, అంటే నాయిన తమ్మునికి, కాజీపేటలో రైల్వే నౌకరీ. ఆయన కూడా ఒక వ్యాను కొని కిరాయికి తిప్పించేవాడు. జాతరకు తనే నడుపుకుంటూ వచ్చి మా పక్కనే ఆపేవాడు.

నేను చెప్పాలనుకున్న జాతర కంటే ముందు జాతరలో ఏం జరిగిందో చెప్పాలి. అది తెలియకపోతే మా అమ్మది ఉత్త మొండితనం అనుకుంటారు.

ఆ ఏడు మేము వ్యాను బ్యాటరీకే బల్బు తగిలించుకున్నాం, దానికే టేపు రికార్డరు పెట్టుకున్నాం. ఇంజను నడవనప్పుడు బ్యాటరీ నిండదనీ, వాడినకొద్దీ అయిపోతుందనీ ఎవరికీ తట్టలేదు. తిరిగి వచ్చే రోజు పొద్దున మా తమ్మునికి ఒళ్లు కాలిపోతోంది. అప్పటికి వాడు ఇంకా పాకేవాడు. నాయిన తాళం తిప్పితే కట కట అని చప్పుడు వచ్చిందే కానీ ఇంజను లేవలేదు. నెడదామంటే చక్రాలు ఇసుకలో దిగిపోయాయి. పక్కనే చిన్నాయిన వ్యాను స్టార్ట్ అయి ఉంది. దాని బ్యాటరీ నుంచి మా బ్యాటరీకి రెండు వైర్లు తగిలిస్తే చాలు, మాది లేస్తుంది. నాయిన పోయి అడిగాడు.

"నాది సుత దిగిపోతే ఇద్దరం గీడనే పడుంటం అన్నా," అని చిన్నాయిన గేరు వేశాడు. చిన్నమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎడ్లను కట్టుకోండ్రి అక్కా, మస్తుగ గుంజుతయి!" అని నవ్వింది. వాళ్లు లేపిన దుమ్ము మా మీద పడింది.

నిజంగానే ఎడ్లను కట్టుకున్నాం. నాయిన ఒక బండి ఆయన్ను బతిమిలాడి, ఎడ్లతో వ్యానును గట్టి రోడ్డు దాకా లాగించాడు. జాతర జనమంతా చూసి ఈలలు వేశారు. అక్కడ నెట్టి ఇంజను లేపుకొని దవాఖానకు చేరేసరికి దీపాల వేళ అయింది. "పిల్లగాడు గిట్ల కాలిపోతాంటే ఇప్పుడా తెచ్చేది?" అని డాక్టరమ్మ అమ్మను నలుగురిలో తిట్టింది. తమ్ముడు బతికాడు. అమ్మ మాత్రం ఆ తిట్టును మింగలేదు, నోట్లోనే పెట్టుకుంది.

ఇంకొకటి కూడా ఉంది. జాతరలో అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని మేము బంగారం అంటాం. తిరిగి వచ్చాక చుట్టాల ఇళ్లకు తలా ఒక ముక్క పంచుతాం. ఇచ్చినదాన్ని చేత్తో తీసుకొని అక్కడికక్కడే నోట్లో వేసుకోవాలి. అంత కోపంలో కూడా చిన్నమ్మ ఇంటికి అమ్మ బంగారం పట్టుకొని పోయింది. చిన్నమ్మ చెయ్యి చాపలేదు. "గా గూట్లె పెట్టిపో అక్కా," అంది. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. నాయినతో ఒకటే మాట అంది: "మళ్ల జాతర రానీ."

మళ్లీ జాతర వచ్చింది. ఈసారి నాయిన ఒక పాత బ్యాటరీ సంపాదించి చెక్క పెట్టెలో పెట్టి తెచ్చాడు. బల్బు దానికే. వాగు ఒడ్డున వ్యాను ఆపగానే ముందు పానా తీసి, ఇంజను బ్యాటరీకి ఉన్న ఒక వైరు విప్పి గుడ్డ చుట్టాడు. "దాన్ని ముట్టిన్రో, చేతులిరగ్గొడ్త. అది ఇంటికి పోయేటందుకు," అంది అమ్మ. పెట్టెలో బ్యాటరీ నీరసపడితే కందిలి ముట్టించుకున్నాం కానీ ఇంజనుదాని దిక్కు ఎవరం చూడలేదు.

చిన్నాయిన వ్యాను మాత్రం పెండ్లి పందిరిలా ఉంది. చుట్టూ రంగు బల్బులు, పెద్ద సౌండు డబ్బాతో టేపు, అంత చలిలో ఒక ఫ్యాను కూడా. అన్నీ ఒక్క బ్యాటరీ మీదే. మరుసటి సాయంత్రానికి ఆ బల్బులు వెలుగు తగ్గి ఎర్రబడుతున్నాయని ముందు చూసింది అమ్మే. నాయినను మోచేత్తో పొడిచింది.

"చెప్దామా?" అన్నాడు నాయిన.

"నీ నోట్లెకెళ్లి మాట బయటికొస్తె, నేను వరంగల్ దాక నడుసుకుంట పోత," అంది.

ఇంకొక రోజుకు టేపులో పాట గొంతు ఈడ్చుకుంటూ, ముసలోని మూలుగులా సాగింది. అమ్మ మొహంలో అటువంటి నవ్వు నేను అంతకుముందు చూడలేదు. నాకూ అంతే ఆనందం. పొయ్యి మీద కోడికూర ఉడుకుతుంటే చూసినట్టు ఆ బల్బులను చూస్తూ కూర్చునేదాన్ని.

పోయే రోజు పొద్దున చిన్నాయిన తాళం తిప్పాడు. కట కట. అంత తియ్యటి చప్పుడు నేను మళ్లీ వినలేదు.

ఆ సాయంత్రమే ఆయన డ్యూటీలో చేరాలి. ఇంతకుముందే సెలవు మీద సెలవు పెట్టాడని, ఈసారి ఆలస్యమైతే రానే వద్దని సాహెబు అన్నాడట. వచ్చినప్పటి నుంచి ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. చుట్టూ ఉన్న ఎడ్లబండ్లు తెల్లారకముందే వెళ్లిపోయాయి. రోడ్డు మీద లైనులో ఉన్న వ్యాన్లు ఒక్కటీ పక్కకు రాలేదు. అంతా తిరిగి, చివరికి రెండు వైర్లు చేత పట్టుకొని మా దగ్గరకు వచ్చాడు.

"వదినే, జర అన్నకు చెప్పు."

అమ్మ కాదనలేదు. సరే అని కూడా అనలేదు. ఇసుకతో గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. నన్ను పిలిచి రెండు జడలు వేసింది. ఒకటి వంకర ఉందని విప్పి మళ్లీ అల్లింది. చాయ్ పెట్టి అందరికీ పోసింది, చిన్నాయినకు కూడా ఇచ్చింది. ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో వైర్లు పెట్టుకొని ఆయన అట్లాగే నిలబడ్డాడు. నాయిన లేవబోతే అమ్మ ఒక చూపు చూసింది. నాయిన కూర్చున్నాడు.

ఎండ ఎక్కింది. చిన్నమ్మ వచ్చింది. "అక్కా, ఆయిన నౌకరి పోతది అక్కా."

"ఎడ్లను కట్టుకుందురు గని, అవి సుత ఎల్లిపాయె గదనే చెల్లె," అంది అమ్మ.

నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. చిన్నమ్మ తల వంచుకుంది.

ఇక వాళ్లను వదిలేసి పోతాం అనుకొని నేను ఎగిరి వ్యానులో కూర్చున్నాను. నాయిన వైరు బిగించి తాళం తిప్పితే మాది ఒక్క దెబ్బకు లేచింది. కానీ అమ్మ ఎక్కలేదు. మూట విప్పి, బంగారం పెద్ద ముక్క విరిచి, చిన్నమ్మ ముందు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి దించలేదు.

చిన్నమ్మ రెండు చేతులు దోసిలి పట్టింది.

"నోట్లె ఏస్కో," అంది అమ్మ.

వేసుకుంది. తర్వాత చిన్నాయిన వంతు. గ్లాసు, వైర్లు ఇసుకలో పెట్టి ఆయనా చేతులు పట్టాడు, తిన్నాడు. ఇద్దరూ మింగేదాకా అమ్మ చూస్తూ నిలబడింది. "ఇగ వైర్లు తగిలియ్యుండ్రి," అంది అప్పుడు. వాళ్ల ఇంజను లేచింది. "ఇంటికి పోయేదాక బంద్ చెయ్యకు. బంద్ చేస్తె మళ్ల లేవది," అని కూడా చెప్పింది.

దారి పొడుగునా నాకు కోపమే. "గట్లనే ఇడిసిపెట్టి రావొద్దానే?" అని అడిగాను.

"ఇడిసిపెడ్తె ఊరంత తిరిగి నా మీద చెప్పుకుందురు బిడ్డా. ఇప్పుడేం చెప్పుకుంటరు? బెల్లం పెట్టిందని చెప్పుకుంటరా?"

నిజంగానే చెప్పుకోలేకపోయారు. ఆ తర్వాత ప్రతి జాతర అయ్యాక, బంగారం పంచడానికి మేము పోకముందే చిన్నమ్మ మా ఇంటికి వచ్చి రెండు చేతులు పట్టేది. పట్టిన ప్రతిసారీ నాకు కడుపు నిండేది. ఇప్పుడు తలుచుకున్నా నిండుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మొన్న మా మనవడు మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అన్నీ ఉన్న వ్యాను ఒకటి తయారు చేయించుకున్నాడు. స్నేహితులతో పోయి ధర్మసాగర్ చెరువు దగ్గర అందులోనే ఉండి వస్తాడట. ఇంజను బ్యాటరీకి ఏమేం తగిలించావురా అని నేను ముందు అదే అడిగాను. లైట్లకు, ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ ఉంది నానమ్మా అన్నాడు. అయినా నమ్మక, మూత తీయించి చూశాను. సీటు కింద వైర్లు పెట్టించాను, వాటి పక్కన కాగితంలో చుట్టి బెల్లం పెట్టాను. ఎవరి బండి ఆగినా వైర్లు ఇయ్యి అన్నాను. నీకు కీడు చేసినవాడైతే ముందు బెల్లం పెట్టు, వాడు మింగేదాకా ఆగు, తర్వాత వైర్లు ఇయ్యి అన్నాను. నా దగ్గర మా అమ్మ నుంచి మిగిలింది అదే.

ఇంతవరకు ఓపికగా చదివిన మీకు దండం. ఒత్తులు తప్పిన చోట మీరే పెట్టుకొని చదువుకోండి, ఈ ముసలిదాన్ని మన్నించండి.