హల్‌స్టైన్ పొడి ముసుగు

నార్వేలోని ఫ్రోయా దీవిలో హల్‌స్టైన్‌కు చుట్టం అంటూ ఉన్నది ఒక్కడే, బావమరిది యోరుల్ఫ్. హల్‌స్టైన్ భార్య అతన్ని వదిలి బెర్గెన్ పట్నం వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. వెళ్తూ వెళ్తూ సామానంతా పట్టుకుపోయింది, తమ్ముణ్ణి మాత్రం మరిచిపోయింది. అప్పటి నుంచి బావాబావమరుదులు ఒకే పడవ మీద బతుకుతున్నారు. హల్‌స్టైన్ సముద్రం అడుగుకు దిగి చేత్తో ఆల్చిప్పలు ఏరుతాడు, యోరుల్ఫ్ పైన పడవ కాస్తాడు.

యోరుల్ఫ్ నోట మాట రావడం గగనం. చెప్పేదేదైనా ఉంటే పానాతో చెబుతాడు. పడవ పక్కన నీళ్లలోకి వేలాడే ఇనుప నిచ్చెన మీద గబగబా కొట్టాడంటే పైకి రమ్మని. రెండు దెబ్బలు కొడితే కాఫీ కాగిందని. ఏ పనీ లేకపోయినా మధ్యమధ్యలో ఒక్క దెబ్బ కొడతాడు. దాని అర్థమేమిటని హల్‌స్టైన్ ఎన్నడూ అడగలేదు. రోజు మొత్తం మీద అతనికి దక్కే పలకరింపు అదొక్కటే.

అలాంటిది హల్‌స్టైన్ కుడి చెవి మొరాయించింది. ఏళ్ల తరబడి చన్నీళ్లు పోయి పోయి లోపల ఎముక పెరిగిందట. "ఇంకా నీళ్లు తగిలితే రెండు చెవులూ పోతాయి. పొడిగానైనా ఉంచుకోండి, దిగడమైనా మానుకోండి" అని ట్రోన్‌హైమ్‌లో డాక్టరమ్మ తేల్చేసింది. మానుకుని ఏం చెయ్యాలి? ఇంట్లో గోడలతో కబుర్లాడాలా?

అటునుంచి అటే డైవింగ్ సామాన్ల కొట్టుకి వెళ్లాడు. ఇన్నాళ్లూ వాడింది స్పాంజిలాంటి మందపు ముసుగు. అందులోకి నీళ్లొచ్చి ఒంటివేడికి కాస్త వెచ్చబడతాయి. కొత్తది పల్చటి రబ్బరుది, ఒళ్లు తడవనివ్వని డ్రైసూట్ మెడకే అతికి ఉంటుంది, చుక్క నీరు దూరదు. కొట్టులో అమ్మాయి రెండు మూడు తొడిగించి చూసింది.

"ఇది వదులు. ఇది పెట్టుకుంటే మీకు ఊపిరాడదు. ఇదిగో, ఇది మీకు సరిపోయింది. ముఖం చుట్టూ అంచు చర్మానికే అంటుకోవాలి పెద్దాయనా, ఆ గడ్డం తీసెయ్యండి. లోపల పల్చటి టోపీ పెట్టుకోండి, సూట్‌లో గాలి చెవిదాకా వస్తుంది. లేకపోతే లోతుకి వెళ్లేకొద్దీ రబ్బరు చెవికి అతుక్కుపోయి పీకేస్తుంది."

పల్చటి టోపీ అన్న మాట అతని తలకెక్కలేదు. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుందని ఉగ్గుపాలతో నేర్చుకున్న దీవి మనిషి. అంచు మడిచిన తన మందపాటి ఉన్ని టోపీ మీదే ముసుగు తొడిగి దిగాడు. ఆ మడత నుదుటి దగ్గర రబ్బరు కిందనుంచి తొంగిచూసింది. ఉన్ని నీళ్లు పీల్చి పీల్చి మెడదాకా నింపింది.

"గొర్రెని నెత్తిన పెట్టుకుని దిగితే అది నీళ్లు తాగదా బావా?" అన్నాడు యోరుల్ఫ్. ఆ ఏడాదిలో అతను మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

"నోరు పడిపోయిందనుకున్నా. ఉందన్నమాట."

"గడ్డం కూడా గీసుకో. దానికీ దాహమేస్తది."

గీసుకున్నాడు. పల్చటి టోపీ పెట్టి, అంచులు లోపలికి నెట్టి, ఒక్క వెంట్రుక కూడా అడ్డం లేదని ముఖం చుట్టూ వేలు తిప్పి చూసుకుని మళ్లీ దిగాడు. తల పొడిగా, హాయిగా ఉంది. చెవి నొప్పి లేదు. కానీ ఎంతసేపు ఏరినా పైనుంచి దెబ్బ వినిపించలేదు. యోరుల్ఫ్‌కేమైనా అయిందేమో అనుకున్నాడు. సంచీ వదిలేసి, ఒంటి మీద ఒత్తిడి మెల్లగా తగ్గేందుకు ఆగాల్సిన చోట ఆగుతూనే కంగారుగా పైకొచ్చాడు.

యోరుల్ఫ్ పానా పట్టుకుని నిచ్చెన దగ్గరే కూర్చున్నాడు.

"కొట్టలేదేంట్రా?"

"కొట్టా. కాఫీ చల్లారిపోయింది కూడా."

ముసుగులోని గాలి నీళ్లనే కాదు, చప్పుణ్ణీ ఆపేస్తుందని హల్‌స్టైన్‌కి అప్పుడు తెలిసింది. పాతది పెట్టుకుంటే చెవి పోతుంది, చెవితో పాటే ఆ దెబ్బా పోతుంది. కొత్తది పెట్టుకుంటే చెవి దక్కుతుంది, దెబ్బ ఇవాళే పోతుంది. చల్లారిన కాఫీ అలాగే తాగాడు.

"రేపట్నుంచి తాడు కట్టుకుంటా. రమ్మనాలంటే లాగు," అన్నాడు.

యోరుల్ఫ్ తలూపాడు.

ఆ తర్వాత తాడుతోనే పని జరిగింది. తాడు లాగితే పైకి రావాలి, అంతే. ఊరికే పలకరించడానికి ఎవరూ తాడు లాగరు. అడుగున ఆల్చిప్పలు ఏరుతుంటే హల్‌స్టైన్‌కి ఒక్కోసారి ఏడుపొచ్చేది. ఎవరితో చెప్పుకుంటాడు?

ఒకరోజు నీరు తేటగా ఉంది. నిండిన సంచీతో నిచ్చెన దగ్గరికొచ్చి తలెత్తి చూశాడు. పైన యోరుల్ఫ్ వంగి పానాతో ఒక్క దెబ్బ కొట్టాడు. కాసేపాగి ఇంకొకటి కొట్టాడు. హల్‌స్టైన్ నిచ్చెన పట్టుకున్నాడు గానీ, మందపాటి తొడుగుల్లోంచి చేతికి అదురు కూడా తెలియలేదు.

పైకెక్కి ముసుగు లాగేసి, "నాకు వినపడదని తెలుసు కదరా. ఎందుకు కొట్టడం?" అని అడిగాడు.

యోరుల్ఫ్ పానా తుడిచి పక్కన పెట్టాడు.

"నీకోసం కొడుతున్నానని ఎవరన్నారు బావా? పైన నేనూ ఒక్కణ్ణే కదా."